అమ్మకు ఆ మాత్ర ఆపేశారు, ఇప్పుడు ఏ డాక్టరు మాట వినాలి?

ఈసారి ఉత్తరం విజయనగరం నుంచి వచ్చింది. రాసినావిడకు 36 ఏళ్లు, స్కూల్లో టీచరు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర ఒక పల్లె. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

వాళ్ల అమ్మగారికి 61 ఏళ్లు. కాపురానికొచ్చిన నాటి నుంచీ వంట కట్టెల పొయ్యి మీదే. కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు ఊరికే దొరుకుతాయి కనుక గ్యాసు వచ్చాక కూడా ఆ పొయ్యి ఆరలేదు. మధ్యలో కొన్నేళ్లు జీడిపిక్కలు కాల్చే చోట కూలికి వెళ్లారు. ఆ వైపు పాతతరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్నట్టే ఆవిడకూ అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. నాలుగేళ్లుగా ఆయాసం. పోయిన సంక్రాంతికి కాళ్లు వాచాయి, పెరట్లోకి వెళ్లొచ్చేసరికి పెదాలు నల్లబడుతున్నాయి. శ్రీకాకుళంలో ఊదించి చేసే పరీక్ష చేసి సీఓపీడీ అన్నారు, అంటే ఏళ్ల తరబడి పొగ పీల్చి గాలిగొట్టాలు సన్నబడి ఊపిరాడని జబ్బు. ఎకోలో, అంటే గుండెకు చేసే స్కానింగులో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ 62 అని వచ్చింది. గుండె డాక్టరు సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు వెయ్యమన్నారు.

ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలైంది. పెద్దన్నయ్య చీటీ పట్టుకెళ్తే మందుల షాపు కుర్రాడు నవ్వి, "ఎవరికండీ?" అని నలుగురిలో అడిగాడట. అది వయాగ్రాలో ఉండే మందేనని తెలిసి వదిన సిగ్గుతో చచ్చిపోయానంది. అయినా వేశారు. తలనొప్పి, మొహం ఎర్రబడటం మొదలయ్యాయి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో కూర్చున్నప్పుడు 88 చూపించేది 83కి పడింది. భయపడి ఈవిడ అమ్మగారిని విజయనగరం తెచ్చి ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించారు. ఆయన ఆ మాత్ర ఆపించి, ఇన్‌హేలర్లు మార్చి, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ రోజుకు 16 గంటలు పెట్టాలన్నారు. ఇప్పుడు రీడింగు 86 దగ్గర ఉంటోంది. అమ్మగారు తిరిగి ఊరెళ్లిపోయారు. మిషన్ ఇంకా కొనలేదు.

హైదరాబాద్‌లో ఉండే చిన్నన్నయ్య ఇంటర్నెట్‌లో చదివి, అమెరికాలో ఈ ప్రెషర్‌కి పీల్చే మందు వచ్చింది, అర ఎకరం కొబ్బరితోట అమ్మయినా తెప్పిద్దాం అంటున్నారు. ఆ తోట మీద బతుకుతున్న పెద్దన్నయ్య మాట్లాడటం మానేశారు. అమ్మగారేమో ఆక్సిజన్ వద్దంటే వద్దంటున్నారు. "ముక్కులో గొట్టమెట్టుకుని కూకుంటే ఊరోళ్లు ఏటనుకుంతారు? నానింక పోతన్నాననే కదా!"

ఉత్తరం చివర ఆవిడ అడిగింది ఇది: "ప్రాణం నిలబెట్టే మాత్ర అని ఒక డాక్టరు ఇచ్చారు, ఇంకో డాక్టరు ఆపేశారు. ఆయన దగ్గరికి తీసుకెళ్లింది నేనే. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లవి, నీకెందుకు అని పెద్దన్నయ్య అనలేదు కానీ మొహంలో అదే కనిపిస్తోంది. రేపు అమ్మకేమైనా అయితే మందు ఆపించి నేనే చంపినట్టా?"

ముందు ఒక అర్జంటు సంగతి. ఉత్తరంలో మీరు మధ్యలో ఎక్కడో రాసిన రెండు వాక్యాలు చదివి నాకు గుండె దడ వచ్చింది. ఛాతీ పట్టేసినప్పుడు ఊళ్లో ఆర్ఎంపీ నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలు ఇచ్చి ఇంట్లో ఉంచుకోమన్నాడని ఒకటి. ఆయాసం ఎక్కువైన రోజు పెద్దన్నయ్య మిగిలిపోయిన పాత సిల్డెనాఫిల్ మాత్ర ఒకటి వేస్తున్నాడని ఇంకొకటి. ఈ రెండు మందులూ ఒకే శరీరంలో కలవకూడదు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర ఏది పెట్టినా బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఈ సమాధానం పూర్తిగా చదివేలోపే అన్నయ్యకు ఫోన్ చెయ్యండి. మిగిలిన సిల్డెనాఫిల్ స్ట్రిప్పులు ఇంట్లోంచి తీసేయించండి. నాలుక కింద మాత్ర అసలు అవసరమా అన్నది డాక్టరును అడిగి తేల్చుకోండి. ఆర్ఎంపీకి కూడా ఈ మాట తెలియాలి. ఆయన మీద కోపంతో కాదు, రాత్రిపూట పిలిస్తే మొదట వచ్చేది ఆయనే కాబట్టి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నేను మీ అమ్మగారిని చూడలేదు, మీరు పంపిన రిపోర్టుల ఫొటోలు మాత్రమే చూశాను. అందుకని మందు మార్పులు ఏవైనా చూసే డాక్టరు చెబితేనే చెయ్యండి. కానీ మీరు అమ్మగారిని చంపుతున్నారా అన్న ప్రశ్నకు మాత్రం ఉన్న కాగితాలతోనే జవాబు చెప్పగలను. లేదు. మందు వేశాక ఆక్సిజన్ 88 నుంచి 83కి పడిందంటే ఆ శరీరానికి ఆ మందు పడటం లేదని గట్టి అనుమానం రావాలి. ఆ మార్పు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది మీరు. అది తప్పు ఎలా అవుతుంది?

మరి ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పా? దీనికి ఈ జబ్బు ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఎకోలో రాసిన ప్రెషర్ మనం చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే నాళాల్లో ఉండే ప్రెషర్. అది పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి కనుక వైద్యులు వాటిని అయిదు గుంపులుగా పెట్టుకున్నారు. నాళాలే స్వయంగా జబ్బుపడి సన్నబడటం మొదటి గుంపు. గుండె ఎడమవైపు బలహీనపడటం రెండోది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల, ఆక్సిజన్ తక్కువవడం వల్ల పెరగడం మూడోది. పాత రక్తపు గడ్డలు నాళాల్లో అడ్డుపడటం నాలుగోది. మిగిలినవన్నీ అయిదో గుంపు. సిల్డెనాఫిల్, బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్ లాంటి మందులు పేరు తెచ్చుకున్నది మొదటి గుంపులో. అక్కడ అవి నిజంగా ఆయుష్షు పెంచే, మనిషిని నడిపించే మందులే. ఎకో కాగితం మీద ప్రెషర్ అంకె చూసి, అంత ప్రెషర్ ఉన్న మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలన్న తపనతో మొదటి డాక్టరు రాసి ఉంటారు. మన దగ్గర ఇది చాలాచోట్ల జరుగుతోంది. కానీ మీ అమ్మగారిది, ఇప్పటివరకూ తెలిసినంతలో, మూడో గుంపు.

మూడో గుంపులో ఆ మందు ఎందుకు ఎదురు తిరుగుతుందంటే: ఊపిరితిత్తిలో గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం వెళ్లినా ప్రయోజనం లేదు. అందుకని శరీరమే అక్కడి సన్ననాళాలను బిగించి, గాలి బాగా ఆడే భాగాలకు రక్తాన్ని మళ్లిస్తుంది. ఎండిపోయిన చేనుకు మడవ మూసి, పండే చేనుకు నీళ్లు తిప్పే రైతు చేసే పనే ఇది. సిల్డెనాఫిల్ లాంటి మందు వచ్చి మడవలన్నీ ఒకేసారి తెరిచేస్తుంది. రక్తం పనికిరాని భాగాల్లోకి కూడా పారి, ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగొస్తుంది. నాళాల్లో ప్రెషర్ కొంచెం తగ్గినా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఇది అందరిలోనూ జరగదు. మీ అమ్మగారిలో జరిగినట్టు మాత్రం ఆక్సీమీటరు చెబుతోంది. యూరప్‌లోని గుండె వైద్యుల, ఊపిరితిత్తుల వైద్యుల సంఘాలు కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే అంటాయి: ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చిన ప్రెషర్ మరీ తీవ్రం కాకపోతే మొదటి గుంపు మందులు వాడవద్దు.

ఆ షాపు కుర్రాడి నవ్వు సంగతి కూడా చెప్పుకుందాం. సిల్డెనాఫిల్‌ని మొదట గుండెనొప్పి కోసం పరీక్షించారు. 1998లో అది మగవాళ్ల సమస్యకు మందుగా అనుమతి పొందింది, 2005లో ఊపిరితిత్తుల ప్రెషర్‌కి. మొదటి గుంపు జబ్బున్న ఆడవాళ్లు, చిన్నపిల్లలు కూడా దీన్ని రోజూ వేసుకుంటారు. మీ వదినకు ఈ మాట చెప్పండి. ఎవరికి ఏ మందో తెలియకుండా కౌంటరు దగ్గర నవ్వడం పెద్ద తప్పు. ఆ నవ్వుకు భయపడి అవసరమైన మందు మానేసే వాళ్లుంటారు. మీ విషయంలో మందు ఆపింది సిగ్గు వల్ల కాదు, ఆక్సిజన్ పడిపోయినందుకు. ఈ రెండింటినీ ఇంట్లో కలిపి మాట్లాడుకోవద్దు.

అయితే మీ అమ్మగారికి అసలు మందు ఏది? మీ ఇంట్లో అందరూ మాత్ర గురించి కొట్టుకుంటుంటే, ఆవిడకు ఆయుష్షు పెంచుతుందని రుజువైన మందు మాత్రం ఎవరికీ మందులా కనపడటం లేదు. అది ఆక్సిజన్. ఇంగ్లండులో 1981లో వచ్చిన ఒక పరీక్షలో, ఇలాంటి జబ్బుతో ఆక్సిజన్ బాగా తగ్గిన 87 మందిని రెండు జట్లుగా చేశారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకున్న 42 మందిలో అయిదేళ్లలో 19 మంది పోయారు. పెట్టుకోని 45 మందిలో 30 మంది పోయారు. అంతకు ముందు ఏడాది అమెరికాలో వచ్చిన పరీక్షలో, రాత్రిపూట మాత్రమే పెట్టుకున్న వాళ్లకంటే దాదాపు రోజంతా పెట్టుకున్న వాళ్లు ఎక్కువ కాలం బతికారు. మీ డాక్టరు 16 గంటలు అన్నది గాల్లోంచి తీసిన అంకె కాదు.

ఎవరికి పెట్టాలన్నదానికీ లెక్క ఉంది. కుదురుగా ఉన్న రోజున, కూర్చున్నప్పుడు రీడింగు 88 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, లేదా ధమని రక్తం తీసి చేసే పరీక్షలో ఆక్సిజన్ ప్రెషర్ 55 లేదా తక్కువ రావాలి (ఇది వేలి రీడింగు కాదు, వేరే కొలత). కాళ్ల వాపు లాంటి కుడిగుండె అలసిన గుర్తులున్నా, రక్తం చిక్కబడినా 59 వరకూ కూడా ఇస్తారు. మీ అమ్మగారి హిమోగ్లోబిన్ 17 దాటిందని, రక్తం బాగా పట్టిందని ఇంట్లో సంతోషించామని రాశారు. ఆ వయసు ఆడమనిషిలో అది సంతోషించే అంకె కాదు. చాలాకాలంగా ఆక్సిజన్ చాలక శరీరం ఎక్కువ ఎర్రకణాలు తయారు చేసుకుంటోందని దాని అర్థం కావచ్చు. రీడింగు 86, కాళ్ల వాపు, చిక్కబడిన రక్తం. ఇన్ని ఉన్నప్పుడు మిషన్ ఆలస్యం కావడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఆక్సిజన్ కూడా మందే కనుక దానికీ డోసు ఉంది. ఇలాంటి జబ్బులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. చాలామందికి నిమిషానికి ఒకటి, రెండు లీటర్లు సరిపోతుంది. ఎంతన్నది డాక్టరు పక్కా చెయ్యాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలా 98 రావాలని చిన్నన్నయ్య ఫోన్లో చెప్పడం, పెద్దన్నయ్య మీట తిప్పి అయిదు లీటర్లు పెట్టడం జరగకూడదు. ఎక్కువైతే కొందరిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయి మగతగా, పొద్దున్నే తలనొప్పిగా ఉంటారు, తెలివి కూడా తప్పవచ్చు. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా రీడింగు తప్పు చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఉద్దానంలో కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీరే చూశారు. మిషన్‌తో పాటు ఒక చిన్న సిలిండరు నిండుగా ఉంచుకోవడం అక్కడ విలాసం కాదు. అయిదు లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది, 16 గంటలకు రోజుకు అయిదారు యూనిట్లు. పెద్దన్నయ్య మీద పడే ఆ కరెంటు బిల్లు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. మాట్లాడండి. కొనేముందు విశాఖలో అద్దెకు దొరుకుతుందేమో చూడండి. కొన్నాళ్లు వాడితే అమ్మగారికి ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

మిషన్ ఉన్న గదిలో నిప్పు ఉండకూడదు. పొయ్యి, చుట్ట, దేవుడి దగ్గర దీపం, దోమలచుట్ట, ఏదీ. ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో అడ్డపొగ కాలిస్తే మొహం కాలిపోతుంది. బెదిరించడానికి చెప్పడం లేదు, ఇది జరిగే ప్రమాదమే. అడ్డపొగ మానడం ఊపిరితిత్తులకు మాత్రమే కాదు, నోటి అంగిలిలో వచ్చే క్యాన్సర్‌కి కూడా అది కారణం. ఈసారి డాక్టరు దగ్గర నోరు తెరిపించి అంగిలి చూపించండి. ఇన్నేళ్ల అలవాటు తిడితే పోదు. నికోటిన్ గమ్, మందులు ఉన్నాయి, అడగండి. పొయ్యి మార్చడం మీ వదిన చేతిలో ఉంది. దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇచ్చే పథకం 2024 నవంబరులో మీ ఇచ్ఛాపురం మండలం నుంచే మొదలైంది. మూడు చాలవు, నిజమే. నాలుగోదీ అయిదోదీ ముగ్గురు పిల్లలూ కలిసి కొంటే చాలు. అమ్మగారి కోసమే కాదు, ఆ పొగ ఇప్పుడు పీలుస్తున్నది మీ వదిన.

ఇక మీ ముందున్న దారులు.

ఇప్పుడున్న చోటే ఆగి, ఇంకే పరీక్షలూ లేకుండా ఆక్సిజన్, ఇన్‌హేలర్లు, వాపు తగ్గించే మాత్రలతో ఊళ్లోనే చూసుకోవడం ఒకటి. దీన్ని తక్కువగా చూడొద్దు. దొరికే మేలులో ఎక్కువ భాగం దీంట్లోనే ఉంది, అమ్మగారికి ప్రయాణం తప్పుతుంది. చిక్కేమిటంటే, అసలు కారణం ఇంకేదైనా ఉంటే దొరకదు.

రెండోది, ఆక్సిజన్ మొదలుపెట్టి ఒకసారి సరైన పరీక్షలు చేయించడం. నన్నడిగితే నేను దీనివైపే మొగ్గుతాను. మీరు పంపిన వాటిలో ఛాతీ సీటీ స్కాన్ లేదు. పొగ వల్ల ఊపిరితిత్తులు ఉబ్బిపోయాయా, లేక నారకట్టి గట్టిపడ్డాయా, లేక రెండూనా అన్నది ఎక్స్‌రేలో తేలదు. ఈ తేడా మీద మందుల కథంతా మారిపోతుంది, చిన్నన్నయ్య చెప్పే మందు సంగతి కూడా. రక్తపు గడ్డలు ఉన్నాయేమో కూడా చూడాలి. ఉంటే రక్తం పలచబడే మందులు, కొందరికి ఆపరేషను కూడా ఉంటుంది, ఆ గుంపు కథే వేరు. ఒక్క జాగ్రత్త: మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అమ్మగారికి 1.6 ఉంది. నారకట్టడం చూసే సీటీకి రంగుమందు అక్కర్లేదు. గడ్డలు చూసే సీటీకి రంగుమందు ఎక్కిస్తారు, అది కిడ్నీలకు భారం. దాని బదులు వీక్యూ స్కాన్ అనే పరీక్ష కుదురుతుందా అని ముందే అడగండి. పలాసలో 2023లో మొదలైన కిడ్నీ ఆసుపత్రిలో ఒకసారి చూపించి ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి, కేజీహెచ్ ప్రభుత్వానివే. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు తీసుకెళ్లి ఏది ఉచితమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. సోంపేట నుంచి రైల్లో వెళ్లేటప్పుడు చిన్న సిలిండరు లేకుండా బయల్దేరొద్దు.

మూడోది, గుండె కుడివైపుకు మెడలోని లేదా తొడలోని సిరలోంచి సన్నటి గొట్టం పంపి ప్రెషర్ నేరుగా కొలవడం. ఎకో చెప్పేది ఊహాలెక్క, ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లలో అది బాగా తప్పుతుంది. 62 అన్నది నిజంగా 45 కావచ్చు, 75 కూడా కావచ్చు. కానీ ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. సీటీలో, ఊదే పరీక్షలో ఊపిరితిత్తుల జబ్బు ఒక మోస్తరుగా ఉండి, ప్రెషర్ మాత్రం దానికి మించి ఉంటే అప్పుడు చెయ్యాలి. అలాంటి వాళ్లలో, ఈ జబ్బు తెలిసిన చోట, ఆక్సిజన్ కొలుస్తూ సిల్డెనాఫిల్ లాంటిది మళ్లీ ప్రయత్నించవచ్చు. అంటే ఆ మందుకు తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మొదటి డాక్టరు మీద నమ్మకం ఉన్న పెద్దన్నయ్యకు ఇది చెప్పండి, ఆయన మనసు కొంత కుదుటపడుతుంది.

చిన్నన్నయ్య చెప్పింది ట్రెప్రోస్టినిల్ అనే మందు. ఆయన చదివింది అబద్ధం కాదు. ఊపిరితిత్తులు నారకట్టే జబ్బుతో ప్రెషర్ పెరిగిన 326 మంది మీద చేసిన పరీక్ష 2021లో బయటకొచ్చింది. 16 వారాల తర్వాత, ఉత్తిమందు (పోల్చడానికి ఇచ్చే, అసలు మందు లేనిది) పీల్చిన వాళ్లకంటే ఈ మందు పీల్చిన వాళ్లు ఆరు నిమిషాల్లో 31 మీటర్లు ఎక్కువ నడిచారు. ఆ ఏడాదే అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది నారకట్టే జబ్బుకు. అదే మందును సీఓపీడీ ఉన్నవాళ్లలో పరీక్షించబోతే, హాని కనిపించి ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. నారకట్టే జబ్బులో కూడా అన్ని మందులూ మంచివి కావు, ఆంబ్రిసెంటాన్, రియోసిగ్వాట్ మేలుకు బదులు కీడు చేశాయని తేలింది. మీ అమ్మగారికి ఇప్పటివరకూ చెప్పింది సీఓపీడీ. సీటీ తియ్యకుండా తోట అమ్మి ఆ మందు తెప్పిస్తే, ఆవిడకు హాని చేసే మందు కోసం పెద్దన్నయ్య బతుకుతెరువు పోయినట్టవుతుంది. ఒకవేళ సీటీలో నారకట్టడమే ప్రధానంగా కనిపిస్తే, అప్పుడు డాక్టరుతో ఈ మందు గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. అప్పుడు కూడా అది రోజుకు నాలుగుసార్లు పీల్చాల్సిన, నెలనెలా ఖర్చు పెట్టాల్సిన మందు, ఒకసారి కొంటే అయిపోయేది కాదు. చిన్నన్నయ్య ఇవాళ డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే పెట్టడానికి చోట్లున్నాయి: ఆక్సిజన్ మిషన్, సిలిండరు, సీటీ, గ్యాసు, కరెంటు బిల్లు. దూరంగా ఉన్న కొడుక్కి పెద్ద మందు కొనాలన్న ఆరాటం ఎందుకొస్తుందో నాకు తెలుసు. రోజూ కళ్లెదుట చూడలేని లోటు అది. ఆయన్ని తప్పుపట్టకుండా ఆ డబ్బును ఇటు మళ్లించండి.

చిన్న విషయాలు కొన్ని, కానీ వదలకండి. ఇన్‌హేలరు స్పేసరుతో (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టం), సరిగ్గా పీలుస్తున్నారో లేదో డాక్టరు ముందు చేయించి చూపించండి, తప్పుగా పీల్చేవాళ్లే ఎక్కువ. ఎండుచేపలు, నిల్వ పచ్చళ్లు వాపును పెంచుతాయి. ఒళ్లునొప్పులకు ఆర్ఎంపీ పొడిచే నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీకీ, వాపుకీ చెరుపు. ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించండి. వాపు మాత్రలు వాడుతున్నంత కాలం క్రియాటినిన్, పొటాషియం చూపిస్తూ ఉండాలి. రోజూ వాకిట్లో, ఆక్సిజన్ పెట్టుకుని అయినా, కొంచెం నడవాలి.

అమ్మగారి మాటకు వస్తే, "పోతన్నాననుకుంతారు" అన్న భయం కొట్టిపారేసేది కాదు. కోవిడ్ రోజుల్లో ఆ గొట్టాలు పెట్టుకుని వెళ్లి తిరిగిరాని వాళ్లను ఆవిడ చూసే ఉంటారు. అందుకని పదహారు గంటలూ మొదటి రోజే అడక్కండి. పడుకున్నాక పెట్టడం మొదలుపెట్టండి, రాత్రి ఎవరూ చూడరు, ఎనిమిది గంటలు అక్కడే గడిచిపోతాయి. పొద్దున్న తల తేలిగ్గా ఉందా, పెరట్లోకి వెళ్లొచ్చినప్పుడు పెదాల రంగు ఎలా ఉందో ఆవిడనే గమనించమనండి. తర్వాత మధ్యాహ్నం కునుకు, ఆపైన టీవీ చూసేటప్పుడు. పొడుగు గొట్టం ఉంటే ఇంట్లో తిరగొచ్చు. పెట్టించే పని వదిన చేతులమీదుగా జరగనివ్వండి, మీరు విజయనగరం నుంచి ఫోన్లో అజమాయిషీ చెయ్యొద్దు. రోజూ అమ్మకు అన్నం పెట్టేది ఆవిడే. "వదినా, నువ్వెలా అంటే అలా చేద్దాం" అని ఒక్కసారి అనండి. పెద్దన్నయ్య మొహంలో మీరు చూసింది కోపం కాకపోవచ్చు. తోట పోతుందన్న భయం అయి ఉండొచ్చు. తోట అమ్మాల్సిన పని లేదని మీరే చెప్పండి, ఆ మాటతో విశాఖ ప్రయాణానికి ఆయన్ని ఒప్పించడం సులువవుతుంది.

ఇంకొకటి దాచకుండా చెబుతాను. ఈ జబ్బు పూర్తిగా పోదు. ఏ మందుతోనూ ఊపిరితిత్తులు పదేళ్ల కిందటిలా కావు. బాగా చూసుకుంటే మంచి రోజులు పెరుగుతాయి, ఆసుపత్రిలో పడే రోజులు తగ్గుతాయి. ఎప్పుడైనా ముదిరితే, వెంటిలేటరు దాకా వెళ్లాలా వద్దా అన్నది అమ్మగారు మాట్లాడగలిగినప్పుడే, ఆవిడకు ఏం కావాలో ఆవిడనే అడగండి. కొడుకులిద్దరూ ఆసుపత్రి వరండాలో తేల్చుకునే విషయం కాదది.

రీడింగు ఆక్సిజన్ పెట్టినా 85 దాటకపోతే, మగతగా మాట తడబడితే, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే, ఛాతీనొప్పితో కళ్లు తిరిగి పడిపోతే, దగ్గులో రక్తం పడితే ఆర్ఎంపీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి. సిల్డెనాఫిల్ ఎప్పుడు ఆఖరుసారి వేశారో చీటీ మీద రాసి వాళ్ల చేతికివ్వండి. సీటీ రిపోర్టు వచ్చాక రాయండి. నారకట్టినట్టు వస్తే ఆ మందుల గురించి మరోసారి వివరంగా మాట్లాడుకుందాం.